తలుపు వెయ్యాలా, వద్దా

లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఆరో అంతస్తుకి మెట్లెక్కి వచ్చాడు. ఒకసారి చెడిపోయిన లిఫ్టులో, చీకట్లో ఇరుక్కుపోయినప్పటి నుంచి మూసిన తలుపు చూస్తే అతనికి పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

మొదటి కౌన్సెలర్ తలుపు బిగించి, "మగాడివై ఉండి భయమేంటయ్యా?" అన్నాడు. రెండో ఆయన తన గొప్పలే చెప్పుకున్నాడు. "ఇంకొక్కరిని చూడరా, నా మాట విను" అని అక్క పోరు పెడితే ఈ మూడో ఆవిడ దగ్గరికి వచ్చాడు. అక్క బయట బెంచీ మీద కూర్చుంది.

కూర్చోకుండానే కయ్యానికి కాలు దువ్వాడు. "నచ్చకపోతే మధ్యలోనే లేచి వెళ్ళిపోతాను."

"అలాగే వెళ్ళండి. మీకు సరిపడేవాళ్ళని వెతకడానికి నేనూ సాయం చేస్తాను. తలుపు తీసే ఉంచనా, వెయ్యనా?"

ఆ మాట ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు.

"తీసే ఉంచండి" అంటూ కూర్చున్నాడు.

చెబుదామని నోరు తెరిస్తే ఏడుపు తన్నుకొచ్చింది. ఎదురుగా తలుపులోంచి అక్క కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆమెతో ఇన్నాళ్ళూ "నాకేంటే, దుక్కలా ఉన్నాను" అనే బుకాయిస్తున్నాడు.

చెమటలు కక్కుతూ లేచి, తలుపు తనే వేశాడు. పిడి మీద నుంచి చెయ్యి తియ్యకుండా, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు.

ఆవిడ కూడా కుర్చీలోంచి లేచి నిలబడింది.