చిన్నిని చూడ్డానికి మేడమ్ వచ్చిన రోజు

నా నోరు నా కొంప ముంచిన సందర్భాలు లెక్కలేనన్ని. నోరు మూసుకుని కొంప ముంచుకున్నది మాత్రం ఒక్కసారే, అదీ వీధి వీధంతా చూస్తుండగా. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకైతే ముచ్చెమటలు పట్టాయి.

అప్పుడు మైదుకూరులో రెడీమేడ్ బట్టలు కుట్టేచోట పనిచేసేదాన్ని. మా ఆయన లారీ ఎక్కితే వారానికి గానీ ఇల్లు చేరడు. మా చిన్నికి రెండేళ్లు. పగలు దాన్ని చూసుకునే ముసలమ్మకు నా జీతంలో సగం పోసేదాన్ని. ఆ ముసలమ్మ కాస్తా కూతురి కాన్పని ఆత్మకూరు వెళ్లిపోయింది. "సోమవారం రాకుంటే నీ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తా" అని మా సూపర్‌వైజరు ఖరాకండిగా చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే, పనికి పోయే తల్లుల పిల్లల కోసం మా అంగన్‌వాడీ పక్కన సర్కారు వాళ్లు సంరక్షణ కేంద్రం తెరిచారు. ఫీజు లేదంటే నేనూ అర్జీ పెట్టుకున్నాను. షరతు ఒక్కటే, ఇంటి దగ్గర బిడ్డను చూసేవాళ్లు ఎవరూ ఉండకూడదు. అది నిజమో కాదో తేల్చడానికి కడప నుంచి ఒక మేడమ్ శనివారం మా ఇంటికి వస్తుందన్నారు.

ఇక్కడే నా తెలివి తెల్లారింది. ఎందుకంటే అంతకు ముందు ఏడాది కుళాయి దగ్గర నిలబడి, "గవర్నమెంటోళ్ల ముందర చెయ్యి చాచే కర్మ మాకేం పట్టలేదు" అని వీధికంతా వినబడేలా కోతలు కోసి ఉన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పేది? అందుకే ఎదురింటి ఈరమ్మత్త దగ్గర ముక్తసరిగా తేల్చేశాను.

"శనివారం ఒక మేడమ్ మా చిన్నిని చూడను వస్తాండాది అత్తా."

"బిడ్డను చూడనా? ఎందుకుమే?"

"ఊరికే."

ఊరికే! ఆఫీసు జీపు ఊరికే వీధిలోకి వస్తుందని నమ్మడానికి ఈరమ్మత్త ఏమన్నా పసిపిల్లా? తల్లి సరిగ్గా చూసుకోని పిల్లలను ఆఫీసరోళ్లు ఎత్తుకుపోతారని ఆమె ఎక్కడో విని ఉంది. శుక్రవారమంతా ఇల్లిల్లూ తిరిగి ఆ సంగతే చెప్పిందని నాకు తర్వాత తెలిసింది.

శనివారం మేడమ్ వచ్చి చాప మీద కూర్చుంది. "పగలు పాపను చూసుకునేదెవరమ్మా?"

"ఎవరూ లేరు మేడమ్." నా మాట ఇంకా నోట్లోనే ఉంది, వీధి ఆడవాళ్లతో వాకిలి నిండిపోయింది.

"ఎవురూ లేరా? మేమంతా సచ్చినామా?" ఒక సంకలో మనవడితో వచ్చిన ఈరమ్మత్త, ఇంకో సంకలోకి మా చిన్నిని లాక్కుంది. "ఈ బిడ్డను నేల మీద దింపితే ఒట్టు మేడమ్!"

"మధ్యాన్నం అన్నం పెట్టేది నేనే" అంది ఖాజాబీ అక్క. ఆమె పెట్టింది రంజాన్ నాడు ఒక గిన్నెడు సేమ్యా.

"నీళ్లు పోసేది నేను!" వెనక నుంచి ఇంకెవరో.

ఆపమని ఈరమ్మత్తకు కన్ను గీటాను. ఇంకా గట్టిగా చెప్పమంటున్నానని అనుకుని ఈరమ్మత్త గొంతు పెంచింది. ఆమెను చూస్తేనే ఏడ్చే చిన్ని, ఆ రోజే ఆమె మెడ కరుచుకుని కిలకిలా నవ్వింది.

మేడమ్ పెన్ను మూసేసింది. "ఇంతమంది ఉండగా మా కేంద్రం నీకెందుకు సుజాతా? నిజంగా ఎవరూ లేని తల్లులు ఎందరో ఉన్నారు."

నా మిషను ముందు ఇంకెవరో కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. ఇక సిగ్గూ లేదు, శరమూ లేదు.

"అత్తా! ఈ మేడమ్‌ను నేనే రమ్మంటి! బిడ్డను చూసేవాళ్లు లేక, దుడ్లు సాలక, గవర్నమెంటోళ్లను నేనే అడుక్కున్నా!"

కళ్లనీళ్లు వచ్చాయి నాకు. ఈరమ్మత్త మాత్రం తగ్గలేదు. "అయితే ఏమాయ? మేము లేమా? మేమే చూసుకుంటాము."

"మంచిదమ్మా" అంది మేడమ్ మళ్లీ పెన్ను తీసి. "సోమవారం నుంచి పొద్దున మొదలు సాయంత్రం దాకా ఎవరు చూసుకుంటారో పేరు చెప్పండి, రాసుకుంటాను."

"అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా!" ఖాజాబీ అక్క మాయం.

"నాకు మోకాళ్లు శానా నొప్పి మేడమ్." నీళ్లు పోసే ఆమె మాయం.

ఈరమ్మత్త మెల్లగా చిన్నిని నా చేతిలో పెట్టింది. "సోమారం నేను బనగానపల్లెకు పోతాండా, మా చెల్లెలింటికి." ఆమెకు ఒక చెల్లెలుందని మేమంతా ఆ రోజే విన్నాం.

ఖాళీ వాకిలిని మేడమ్ ఒకసారి చూసి, "చూసేవాళ్లు ఎవరూ లేరు" అని రాసుకుని, నవ్వు ఆపుకుంటూ జీపెక్కింది.

సోమవారం చిన్నిని ఎత్తుకుని కేంద్రానికి పోతే, నా కంటే ముందే గడపలో మనవడితో ఈరమ్మత్త!

"ఏమత్తా, బనగానపల్లె?"

"అది యాడికి పోతాదిలేమ్మే. మా కోడలు కూలికి పోతాది గదా, ఈణ్ణి ఈడ వదులుదామని వచ్చినా. సర్కారు పెట్టింది మన కోసరమే గదా, దీంట్లో సిగ్గుపడేదేముండాది?"

లోపల నుంచి కేంద్రంలో పిల్లలను చూసే ఆయమ్మ అడిగింది, "ఇంటికాడ పిల్లోణ్ణి చూసేవాళ్లు ఎవురూ లేరా అవ్వా?"

ఈరమ్మత్త నా వైపు తిరిగి కన్ను గీటింది. "ఎవురూ లేరమ్మా!"

ఆనాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మా ఇంటికి ఆఫీసు జీపు వచ్చినా, గ్యాసు బండి వచ్చినా, ఎందుకు వస్తున్నదీ ముందురోజే కుళాయి దగ్గర చాటేస్తాను. తప్పితే ఒట్టు. చిన్ని మీద కాదు, పాపం దాన్నెందుకు, ఈరమ్మత్త మీద.