జపాన్ పోయే టీచరమ్మ పాస్‌పోర్టు ఫొటో

1957. నంద్యాలలో నేను ఫొటో స్టూడియో పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. పైకప్పులో ఒక పక్క అద్దాలు వేయించి, ఆ వెలుతురులోనే ఫొటోలు తీసేవాణ్ణి. పెళ్ళిచూపులకు పంపే ఫొటో కావాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నా పేరే చెప్పేవారు. కారణం టచింగ్. అంటే, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ముఖంలోని మచ్చలూ గుంటలూ పూడ్చడం. మశూచి ఇంటింటికీ తెలిసిన రోజులు కాబట్టి ఆ పెన్సిలే నాకు అన్నం పెట్టింది.

ఆ ఎండాకాలం ఆళ్ళగడ్డ నుంచి రూతమ్మ టీచర్ వచ్చింది. మిషన్ స్కూల్లో చరిత్ర చెప్పేది. నలభై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు.

"పాస్‌పోర్టు ఫొటో తీయాలన్నా. జపాన్ పోతాండా," అంది, పక్కూరు రుద్రవరం దాకా పోయొస్తానన్నంత తేలిగ్గా.

మిషన్ టీచర్ల సభలు అక్కడ జరుగుతున్నాయట. బృందంలో ఈమెనూ ఎంపిక చేశారట. నాకు కడుపు మండిపోయింది. ఎందుకంటే జపాన్ నాది. మద్రాసులో పాత పుస్తకాల అంగట్లో ఒక ఆల్బమ్ కొన్నాను. అన్నీ జపాన్ ఫొటోలు, చేత్తో రంగులద్దినవి. నేనూ ఫొటోలకు రంగులు వేసేవాణ్ణే, కానీ ఆ పొగమంచు, ఆ పట్టుబట్టల ముడతలు నా చేతికి ఏనాడూ రాలేదు. ఆ చేతులున్న దేశానికి పోవాలని పదేళ్ళుగా కలలు కంటున్నాను. నా బతుక్కి మద్రాసు దాటడమే గగనం. చంకలో గొడుగు పెట్టుకుని వచ్చిన ఈ టీచరమ్మ పోతుందట!

గొప్ప కోసం ఆల్బమ్ తీసి చూపించాను. అదే నా కొంప ముంచింది. ఆమె సంచిలోంచి బడి అట్లాసు తీసి బల్ల మీద పరిచింది.

"సభలకు ముందర ఎనిమిది దినాలు ఊర్లు తిరగనిస్తారంట. యాడ ఏం చూడాల్నో నువ్వే చెప్పన్నా. నాకంటే నీకే బాగా తెల్సు."

చెప్పాను. క్యోటోలో మూడు రోజులు, పాత రాజుల కోటలూ తోటలూ చూడమన్నాను. నారాలో పెద్ద బుద్ధుడు. ఫ్యూజీ కొండను తెల్లారగానే చూడాలని, ఎండ పైకొస్తే మబ్బు కప్పేస్తుందని కూడా చెప్పాను. బాంబు పడిన హిరోషిమా మాత్రం ఆమే చేర్చుకుంది, పిల్లలకు చూసొచ్చి చెప్పాలని. రెండు గంటలు కూర్చుని, నేను చేయాల్సిన ప్రయాణాన్ని నా నోటితోనే ఇంకొకరికి అప్పగించాను.

ఆమె వెళ్ళాక నెగెటివ్ కడిగాను. పాస్‌పోర్టు ఫొటోకు టచింగ్ చేయకూడదు. మనిషి ఉన్నది ఉన్నట్టు కనబడాలి. మలయా పోయిన వ్యాపారులకు ఇద్దరికి తీసి ఉన్నాను, ఆ నియమం నాకు తెలియనిది కాదు. అయినా పెన్సిల్ చెక్కాను. మూడు రోజులు ఒక్కో గుంటా పూడ్చాను. అంత మంచి పని నా జన్మలో చేయలేదు.

ఫొటో చేతికిస్తే ఆమె చాలాసేపు చూసింది. "ఇది నేనేనా అన్నా?"

"మీరే టీచరమ్మా," అన్నాను.

నెల దాటాక ఆమె మళ్ళీ వచ్చింది. ఫారంలో రాసిన గుర్తులకూ ఫొటోలోని ముఖానికీ పోలిక లేదని, ఫొటో ఉంచేసుకుని మద్రాసు నుంచి దరఖాస్తు తిప్పి పంపారు. ఓడ ఇరవై రోజుల్లో ఉంది. టర్పెంటైన్ గుడ్డతో నెగెటివ్ తుడిచాను. పెన్సిల్ గీతలన్నీ పోయి అసలు ముఖం మిగిలింది. అచ్చు తీసి ఇచ్చాను. చేతులు ఆ పని చేస్తున్నాయే గానీ, నిజం చెప్పాలంటే, లోపల కొంచెం సంతోషంగానే ఉంది.

పాస్‌పోర్టు వచ్చేసరికి బృందం కలకత్తాలో ఓడ ఎక్కేసింది. ఆమె తర్వాతి ఓడలో ఒంటరిగా పోయింది.

చలికాలంలో తిరిగొచ్చి స్టూడియోకు వచ్చింది. ఏమేం చూశారని అడిగాను.

"సభలు చూసినా. అన్నాలు తినే గది, పండుకునే గది చూసినా. నేను పోయేతలికి ఎనిమిది దినాలూ అయిపోయిండె. నువ్వు చెప్పిన ఊరు ఒగటీ చూళ్ళేదన్నా."

ఆ మాట వినాలనే కదా నేను అంత కష్టపడింది. తీరా విన్నాక ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. "టచింగ్ కూడదని తెలిసే చేసినా టీచరమ్మా. మీరు పోతాండారని ఓర్వలేకపోయినా," అన్నాను.

తిడుతుందనుకున్నాను. "నాకు తెల్సు," అంది. "ఫారం ఇంగ్లీషులో ఉంటే నేను సదవలేననుకున్నావా? కూడదని తెలిసే నేనూ పంపినా."

"ఎందుకు?"

"ఆ ఫొటోలో ఉండేదాన్ని చూసి కుళ్ళుకున్నా అన్నా. పోతే అది పోవాల జపాన్‌కు, నేనేంది అనిపించింది." మళ్ళీ తనే అడిగింది. "ఆ ఫొటో ఇంగొగటి ఉందా?"

లేదు. నెగెటివ్ తుడిచేశాను కదా. మళ్ళీ టచింగ్ చేసిస్తానన్నాను, ఈసారి మనస్ఫూర్తిగా.

ఆమె గొడుగు తీసుకుని లేచింది. "వద్దులే అన్నా. అంత కుళ్ళుతో ఇంగ నువ్వు చేయలేవు."

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు పెన్సిల్ పట్టాను. పని మరీ బాగా కుదిరిన రోజున మాత్రం, ఫొటో చేతికిచ్చే ముందు ఒక్క నిమిషం ఆగేవాణ్ణి. అది ఎవరి కోసం చేశానో నన్ను నేనే ప్రశ్నించుకునేవాణ్ణి.