అత్త మానేసిన మాట

మా మేనత్త పోయిన కబురు నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గడప మీద కూర్చుందట. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "బాధ లేకుంట పోయింది, అదృష్టం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చివరి పూట బాధ లేకపోవచ్చు. అంతకుముందు ఇన్నేళ్లు ఆమె ఏం మోసిందో వాళ్లకేం తెలుసు?

పటేల్‌గూడలో మా వైపు సైకిల్ మీద డ్యూటీకి వెళ్లిన మొదటి ఆడమనిషి మా అత్తే. మామ పోయాక పటాన్‌చెరు అవతల మందుల ప్యాకింగ్ పనికి కుదిరింది. కుచ్చిళ్లు ఎగదోపి, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించి బయలుదేరితే మొదట్లో జనం నవ్వారు. ఆమె వాళ్లకంటే గట్టిగా నవ్వింది. దాంతో వాళ్ల నవ్వులు సద్దుమణిగాయి. మలుపు దగ్గర మనిషి ఉన్నా లేకున్నా బెల్లు కొట్టేది. "ఎవ్వలు లేరు గద అత్తా" అంటే, "ఉన్నరని తెల్సినంక కొడ్తే ఏం లాభంరా?" అనేది.

తొంభైల్లో ఒక సాయంత్రం మేమిద్దరం డ్యూటీ దిగి వస్తున్నాం. ఒక పడుచు పిల్ల సైకిల్‌ను ఎక్కకుండా, దూడను తోలుకుపోతున్నట్టు నడిపించుకుంటూ ఎదురొచ్చింది. ఆమె ఎవరో మాకు తెలియదు. అత్త దిగింది.

"ఏంది పిల్లా, పంచరా?"

"నై మౌసీ. చలానా నై ఆతా" అంది ఆ పిల్ల, తల దించుకుని.

సైకిల్ తొక్కడం రాదట. బీహార్ నుంచి వచ్చారట. మొగుడు ఫౌండ్రీలో పనిచేస్తూ పాదం మీద ఇనుప దిమ్మె పడి మంచం పట్టాడు. ఈమెకు ప్యాకింగ్‌లో పని ఇస్తానన్నాడు ఒక కాంట్రాక్టర్. అయితే వచ్చే సోమవారం నుంచి పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి. ఆ వేళకు బస్సు లేదు. పక్క గదివాళ్ల సైకిల్ అడిగి తెచ్చుకుంది గాని ఎక్కే ధైర్యం చాలలేదు. ఈ పని పోతే ఇద్దరూ ఊరికి తిరిగిపోవాల్సిందే. అక్కడ ఏమీ లేకనే ఇక్కడికి వచ్చినవాళ్లు.

"రేపటి సంది రా. నేను నేర్పుతా" అంది అత్త. పేరు కూడా అడగలేదు. చివరిదాకా ఆమెకు అది 'పిల్ల'నే.

హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్ల మధ్య మట్టిబాట మీద నేర్పింది. నేను సాయం పడతానంటే నన్ను తరిమింది. "మొగోనివి, నువ్వు సీటు పట్టుకుంటే ఆ పిల్ల సిగ్గుకే పడ్తది. పో, ఆడ కూసో" అంది. కూర్చుని చూశాను. అత్త సీటు పట్టుకుని వెంట పరుగెత్తుతోంది, ఆయాసపడుతోంది, తిడుతోంది, మధ్యలో పకపకా నవ్వుతోంది. ఆమెను అంత సంతోషంగా మళ్లీ చూడలేదు.

అత్తకు ఉర్దూ బాగానే వచ్చు. మామూలప్పుడు "రుకో, సీదా చలో" అనేది. భయమేస్తే మాత్రం నాలుక తెలుగుకు వచ్చేసేది. ఒకసారి సైకిల్ హద్దురాయి మీదికి పోతుంటే "ఆపు! ఆపు!" అని అరిచింది. ఆ పిల్లకు అది 'ఆప్', అంటే 'మీరు' అని వినబడింది. తననే గౌరవంగా పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని "మై?" అంది, నేనా అన్నట్టు. మరుక్షణం గడ్డిలో పడి ఉంది. ముగ్గురం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ తర్వాత అత్త కొంగుతో ఆమె మోచేతి మట్టి తుడిచి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది: "ఎవ్వలు పిలిచినా ఎనుకకు సూడకు. నీ సూపు ముంగట్నే ఉండాలె."

సోమవారం పొద్దున ఇద్దరూ కలిసే బయలుదేరారు. పిల్ల ముందు, అత్త వెనుక తన సైకిల్ మీద. ఆ పూట నేను లేను. అత్త చెప్పిందే చెబుతున్నాను. హైవే ఎక్కే చోట పక్కనుంచి ట్యాంకర్ వస్తోంది. పిల్ల చూసుకోలేదు. అత్త భయంతో అరిచింది. నోటికి వచ్చింది మళ్లీ అదే మాట.

పిల్ల తిరిగి చూసింది. నవ్వుతూ చూసిందట. ముందు చక్రం రోడ్డు అంచు జారి, సైకిల్‌తో సహా పక్కనున్న గుంతలో పడింది. ట్యాంకర్ తగల్లేదు. చెయ్యి విరిగింది.

కాంట్రాక్టర్ కట్టు విప్పేదాకా ఆగే మనిషి కాదు. ఇంకొకరిని పెట్టుకున్నాడు. అత్త రోజూ డ్యూటీ దిగి వాళ్లకు అన్నం తీసుకుపోయేది. ఒకరోజు పోయేసరికి గదికి తాళం ఉంది. కిరాయి గది ఖాళీ చేసి వెళ్లిపోయారని పక్కవాళ్లు చెప్పారు. ఏ ఊరో వాళ్లకూ తెలియదు.

"ఎనుకకు సూడకు అని సెప్పింది నేనే. పిలిచింది నేనే" అనేది అత్త.

"నువ్వు ఒర్లకపోతే ట్యాంకర్ కింద పడుతుండె అత్తా. నీ తప్పేముంది?" అనేవాణ్ని.

"గా సంగతి నాకు తెల్వదారా? తెలిస్తే మనసు ఊకుంటదా? ఆ పిల్ల పోయేటప్పుడు జెర కనబడి, నాలుగు తిట్టి పోయినా మంచిగుండు."

ఆ తర్వాత 'ఆపు' అనే మాట ఆమె నోట నేను వినలేదు. బస్సులో డ్రైవర్‌ను "నిలుపు బిడ్డా" అనేది. నల్లా అయితే "బందు జెయ్యి" అనేది. మా బిడ్డ సైకిల్ నేర్పమని కాళ్లావేళ్లా పడితే, "నాకు నేర్పరాదు తల్లీ" అని లోపలికి వెళ్లిపోయింది. అంత బాగా నేర్పే మనిషి ఒక్క మాటకు జడిసి మరెవరి సీటూ పట్టుకోలేదు. నాకు దుఃఖం అదే. ఆ పిల్ల ఎక్కడో ఒకచోట ఇప్పటికీ సైకిల్ తొక్కుతూ ఉండవచ్చు. ఆ సంగతి అత్త చెవిన వేసేవారే లేకపోయారు.

మా వైపు శవాన్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట పాడె దింపుతారు. ప్రాణం ఏమూలైనా ఉంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. అత్తకు పిల్లల్లేరు గనుక నన్ను పిలవమన్నారు. వంగి "అత్తా" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి చెవికి ఇంకా దగ్గరగా వంగాను. గట్టిగా పిలిచాను. ముఖం ఆకాశానికే ఉంది.

"ఇగ లేపుండ్రి" అన్నారెవరో. పాడె భుజాలకెక్కి నాలుగడుగులు ముందుకు కదిలింది. వెనకున్న నాకు ఒక్కసారిగా భయమేసింది. ఆలోచించకుండానే "ఆపు!" అని అరిచాను.

మోసేవాళ్లు నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. అత్త చూడలేదు.