అంజమ్మ మళ్లీ చూడమన్న స్లైడు

నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను గానీ దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. పదహారేళ్లుగా ఆబిడ్స్‌లోని ఒక ల్యాబులో క్రోమోజోములు లెక్కపెట్టడమే నా పని. కంటికి కనిపించిందే రాస్తాను.

మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములుండాలి. కొందరి రక్త క్యాన్సర్లో ఆ లెక్క తప్పుతుంది. ఒకటి ఎక్కువైనా తక్కువైనా జబ్బు తీరు మారుతుంది, దాన్నిబట్టి వైద్యమూ మారుతుంది.

పోయిన వేసవిలో నాంపల్లి దగ్గరి ఒక ఆసుపత్రి నుంచి అంజమ్మ అనే ఆమె ఎముక మజ్జ నమూనా పరీక్షకు వచ్చింది. వయసు ముప్పై నాలుగు. ఇరవై కణాలు చూశాను. అన్నింటిలోనూ నలభై ఆరే. మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు రిపోర్టులో ‘నార్మల్’ అని టైపు చేస్తున్నాను.

గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టనిపించి తలెత్తాను. ఒకామె. ఆకుపచ్చ చీర, ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ. బయటివాళ్లు రాకూడని గది అది.

“ఒకటి ఎక్కువున్నది గదమ్మా. జర మల్ల చూడు,” అంది.

“మీరెవరండీ? బయట కూర్చోండి,” అంటూ లేచి వెళ్లాను. వరండాలో ఎవరూ లేరు. మెట్ల దగ్గరున్న వాచ్‌మన్‌ని అడిగితే, “ఎవ్వరు రాలే మేడం,” అన్నాడు.

చిరాకుపడుతూనే రెండో స్లైడు పెట్టాను. మూడో కణంలో నలభై ఏడు. తర్వాత ఇంకో నాలుగు కణాల్లోనూ అంతే. ప్రతిసారీ ఎనిమిదో నంబరు క్రోమోజోమే ఒకటి ఎక్కువ. టైపు చేసిన ‘నార్మల్’ కొట్టేశాను.

రిపోర్టు ఆ ఆసుపత్రికి నేనే పట్టుకెళ్లాను. వార్డులో సెలైన్ ఎక్కుతున్న మనిషి కనుబొమ్మ మీద అదే మచ్చ. వారం రోజులుగా మంచం దిగలేదని నర్సు చెప్పింది.

అంజమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. “మల్ల చూసినవా?” అంది. తల ఊపాను.

డాక్టరు మందులు మార్చారు. అయినా నెల తిరక్కుండానే ఆమె పోయింది.

తర్వాత కాగితాల కోసం ఆమె భర్త మా ల్యాబుకు వచ్చాడు.

“ఆ ఎక్కువది యాడికెల్లి వచ్చింది మేడం? మాకు చిన్న బిడ్డ ఉన్నది.”

“అది పుట్టుకతో ఉన్నది కాదన్నా. ఒంట్లో కణం రెండుగా చీలేటప్పుడు ఎప్పుడో తప్పు జరిగింది. పాపకు రావాలనేం లేదు.”

“మరి ఈమెకే ఎందుకైంది?”

తెలియదన్నాను.

ఆ మధ్యాహ్నం జరిగింది అతనికి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పినా ఏమని వివరించాలో తోచలేదు. ఇవాళ్టికీ తోచదు.