సూర్యలంక షేర్ ఆటో

మనసులో పెట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. మా అమ్మ దాన్ని రోగం అంటుంది. అననీ.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేనూ నా క్లాస్‌మేటూ కలిసి ఫోన్‌లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేశాం. బాపట్ల స్టేషన్ దగ్గర జనాన్ని ఎక్కించుకున్న షేర్ ఆటో గుంతలు తప్పించుకుంటూ సూర్యలంక బీచి దాకా పోవాలి. బొమ్మలు అతనివి. ఆటో కదలడం, ఊగడం, ఆగడం నావి. చదువైపోయి నేను తెనాలిలో ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటుంటే, ఒకరోజు ఆ ఆట అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. తయారుచేసినవారు అన్నచోట అతని పేరొక్కటే ఉంది.

ఫోన్ చేసి అడిగాను.

"అదేంటే, నువ్వు చేసినవి చిన్న చిన్న లెక్కలేగా. అదేమన్నా ఫిజిక్సా? ఎవరైనా చేస్తారు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందులో సగం నిజం ఉండటంతో ఇంకా మండింది. ఇంటర్‌లో ఫిజిక్స్ మొత్తం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న బాపతు నేను. ఆటలో ఆటో ఊగడం బాగుందనిపించేదాకా అంకెలు మార్చుకుంటూ పోయానే తప్ప, ఎందుకు ఊగుతుందో నాకు తెలియదు. సరే, నేర్చుకుంటాను. వీడు చూసి కుళ్ళిపోయేలాంటి ఆట చేస్తాను. ఆ కసితోనే తెనాలిలో పాత పుస్తకాల కొట్టుకెళ్ళి ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం మళ్ళీ కొన్నాను.

రేపల్లెలో మా మేనమామ షేర్ ఆటో నడుపుతాడు. ఆదివారాలు వెళ్ళి ఆయన పక్కన ఇరుక్కుని కూర్చునేదాన్ని. ఎక్కే మనిషిని చూడగానే ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకు తెలిసిపోతుంది. "పిన్నిగారూ, మీరు మధ్యలోకి జరగండి. బాబాయ్, నువ్వు ముందుకొచ్చెయ్, వెనక బరువెక్కితే బండి ముక్కు లేస్తది," అనేవాడు. నా పుస్తకంలో అది రెండు పేజీల పాఠం.

ఒకసారి కాలవ కట్ట మీద ఖాళీ బండి నడపమన్నాను. నా ఒళ్ళో ముగ్గు డబ్బా, చేతిలో ఫోన్. బండి కదిలిన దగ్గర్నుంచి సెకనుకో చిటికెడు ముగ్గు కింద వదులుతూ వెళ్ళాను.

"ఏంటే అమ్మాయ్, రోడ్డుకి ముగ్గేస్తున్నావా?" అన్నాడు మామయ్య.

దిగి అంగలతో కొలిచాను. రెండు సెకన్లకు మూడు అంగలు. నాలుగు సెకన్లకు పన్నెండు, కాస్త అటూ ఇటూగా. కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు! ఇంటర్‌లో మార్కుల కోసం వల్లించిన సూత్రంలో కాలం నెత్తిన కూర్చున్న ఆ చిన్న రెండుకు అర్థం అప్పుడు తెలిసింది. కట్ట మీద నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇంటికొచ్చి మా పాత ఆట తెరిచి చూశాను. అందులో కాలం అన్నదే లేదు. ఫోన్ తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఆటో వేగం కాస్త పెంచి, ఆ మేరకు ముందుకు జరపమని రాసి ఊరుకున్నాను. నా పాత ఫోన్‌లో బొమ్మ సెకనుకు అరవైసార్లు మారేది. కొత్త ఫోన్లలో నూట ఇరవైసార్లు మారుతుంది. అంటే రెండు సెకన్ల పరుగు ఒక్క సెకనులో అయిపోతుంది. నేను కొత్తగా కొన్న ఫోన్‌లో ఆడి చూశాను. నేను బ్రేకు నొక్కేలోపే ఆటో బీచి దాటేసింది. జనంతో సహా సముద్రంలోకి పోయింది.

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తప్పు అచ్చంగా నాది. పేరు మాత్రం అతనిది. ఒక్క లైను మారిస్తే సరిపోతుంది. అతనికి చెప్పాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఆ నెలలోనే మా కాలేజీవాళ్ళు ఆట గురించి పిల్లలకు చెప్పమని అతన్ని బాపట్ల పిలిచారు. నేనూ వెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద అతని ఫోన్ పెద్ద తెరకు కలవలేదు. కొత్త ఫోన్ ఎవరి దగ్గరైనా ఉందా అని ఒక లెక్చరర్ అడిగారు.

"నాది తీసుకోండి సార్. ఆట కూడా ఉంది," అన్నాను.

నన్ను చూసి అతని మొహం మారింది. అంతమందిలో వద్దనలేక తీసుకున్నాడు. ఆటో బయల్దేరింది, గుంతల మీద ఎగిరింది, సముద్రంలో పడింది. హాలంతా గొల్లుమంది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ సముద్రమే.

అతను మైకు అందుకున్నాడు. "ఈ కదలికలు నేను చేసినవి కాదండి. మా క్లాస్‌మేట్ చేసింది. అదిగో, అక్కడే ఉంది," అంటూ నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు. రెండేళ్ళుగా నేను వినాలని తపించిపోయిన మాట అది.

లేచి నిలబడ్డాను. "అవునండి, తప్పు నాదే. మరి నా పేరు ఆటలో ఎక్కడుందో చూపించండి."

"చూపించు బాబూ," అన్నారు లెక్చరర్.

అతను 'తయారుచేసినవారు' అన్నచోట నొక్కాడు. గోడంత తెర మీద అతని పేరొక్కటే వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

స్టేజీ ఎక్కి నా ఫోన్ నేను తీసుకున్నాను. అతను మైకు పక్కకు పెట్టి, "అదెలా సరిచెయ్యాలో చెప్పవే, ప్లీజ్," అన్నాడు మెల్లగా.

"చిన్న చిన్న లెక్కలేగా," అన్నాను. "ఎవరైనా చేస్తారు."