ఎల్మో క్రెనెక్ అద్దె ఆవులు

మా పక్క పొలం ఎల్మో క్రెనెక్ ఆవులను అద్దెకిస్తాడు. పాలకు కాదు, మాంసానికీ కాదు. ఊరికే నిలబడటానికి. టెక్సస్‌లో ఆవు మేసే నేలకు పన్ను నామమాత్రం. అందుకే చమురు బావుల షావుకారు, కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ, ఇళ్ల ప్లాట్లు వేసే కంపెనీ, ఖాళీ జాగా ఉన్న ప్రతివాళ్లూ ఎల్మోను పిలిచి ఆవును దింపించుకుంటారు. ఆస్టిన్ చుట్టూ ఇంత వ్యాపారం నడుస్తోందంటే తన ఆవులు నిలబడబట్టే అని అతని నమ్మకం. కాదనడానికి నాకూ ఏమీ కనబడలేదు.

చిక్కల్లా ఒక్కటే. మందంతా ఊళ్లమీద ఉద్యోగాల్లో ఉంటే సొంత నేల మీద ఒక్క ఆవూ లేదు. మేత లేకపోతే పూర్తి పన్ను వేస్తాం, తనిఖీకి వస్తున్నాం అంది పన్నుల ఆఫీసు. అంత పన్ను కట్టాలంటే తాతలనాటి ఆ నేలే అమ్మాలి.

ఇద్దరం వెళ్లి ఫ్యాక్టరీ నుంచి డాటీ అనే ఆవును ఒకరోజు సెలవు మీద తెచ్చాం. అక్కడి ఉద్యోగులు మెడలో కార్డులతో భోజనానికి బయటికొచ్చి, తాము తినలేని సలాడ్ దానికి పెడుతుంటారు. గడ్డి మొహం చూసి ఎన్నాళ్లయిందో, పచ్చికలో దింపితే డాటీ మూతి బిగించుకుని నిలబడింది. ఎల్మో బతిమాలాడు. తిట్టాడు. చివరికి మోకాళ్ల మీద వంగి, ఇలా తినాలే అంటూ తనే గడ్డి కొరికి చూపించాడు.

తనిఖీకి వచ్చిన రోసాల్బా ట్రెవీనో అప్పుడే గేటు తీసింది.

"మేస్తున్నది ఎవరండీ?"

"నేర్పిస్తున్నానమ్మా" అన్నాడు ఎల్మో, నోట్లో గడ్డితోనే.

"మనిషి మేస్తే చెల్లదు పెద్దాయనా. ఆవు మేయాలి."

డాటీ చూపు ఆమె మెడలోని ఆఫీసు కార్డు మీద పడింది. అరుచుకుంటూ వెళ్లి ఆమె పొట్టకు మూతి ఆనించింది. ఆమె వెనక్కి జరిగితే ఆవు ముందుకు జరిగింది. కారెక్కబోతే తలుపుకు అడ్డం నిలబడింది.

"దీన్ని అవతలికి లాగండయ్యా."

"నా మాట వింటే ఇంత దూరం ఎందుకొస్తుందమ్మా. గుప్పెడు గడ్డి పీకి పెట్టండి, వదిలేస్తుంది."

ఆమె పీకి పెట్టింది. డాటీ తింది, వదల్లేదు. కంచె పొడవునా ఆమె వంగి పీకుతూ పోయింది, ఆవు నములుతూ వెనకే నడిచింది. ఎల్మో టోపీ తీసి, ఇది మేతేనా అని వినయంగా అడిగాడు.

కాదంటే, పన్నుల ఆఫీసు మనిషి పట్టపగలు పరాయి నేలలో గడ్డి ఎందుకు పీకిందో ఆమె పైవాళ్లకు చెప్పుకోవాలి. కాసేపు నడుం పట్టుకుని ఆలోచించి, మేత భూమి అని రాసుకుంది.

నేల నిలిచింది. డాటీ సాయంత్రానికి డ్యూటీకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఎల్మో మెడలో నా పాత కాలేజీ కార్డు వేలాడుతోంది. మళ్లీ తనిఖీకి ఎవరైనా వస్తే డాటీని వెంట తిప్పుకుని మేపడానికి పనికొస్తుందని అడిగి తీసుకున్నాడు. నాకెలాగూ దాంతో పనిలేదు.