తుంగపొదలో అల్లుడుగారూ నేనూ

దీపం మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క దాచలేదు. పోయిన ఏప్రిల్‌లో, ఆదివారం తెల్లవారుజామున జరిగింది. ఆ రోజు నేను కట్టుకున్న చీర రంగు కూడా గుర్తుంది... ముదురు నీలం, సన్న అంచు.

మా అల్లుడు ప్రసాద్‌గారికి మెల్‌బోర్న్‌లో కంప్యూటర్ల ఉద్యోగం. నేనూ అమ్మాయీవాళ్ల దగ్గరే ఉంటున్నాను. ఉన్నట్టుండి బాతుల వేట పిచ్చి పట్టింది. తుపాకీకి లైసెన్సు తెచ్చుకున్నారు. ఏ బాతును కొట్టవచ్చో, దేన్ని కొట్టకూడదో చూపించి పరీక్ష పెడతారట, అది రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. నాలుగు ఆదివారాలు వెళ్లారు. ఒక్క ఈక కూడా ఇంటికి రాలేదు.

మా అమ్మాయి సునీత తేల్చి చెప్పేసింది. "దిస్ సండే ఈజ్ లాస్ట్, ప్రసాద్. ఒక్క బాతైనా తెస్తే గన్ ఉంటుంది. లేదంటే అమ్మేయడమే. అమ్మా, నాకు హాస్పిటల్‌లో నైట్ షిఫ్టుంది, నువ్వు తోడు వెళ్లు. లేకపోతే స్టీరింగ్ మీదే నిద్రపోతాడు."

"నేనా? అల్లుడుగారితోనా?" అన్నాను.

పెళ్లయి పదకొండేళ్లు. ఆయనతో నేను మాట్లాడినవి మూడే మాటలు. బాగున్నారా బాబూ, భోంచేయండి, ఇంకొంచెం వేసుకోండి. మా గోదావరి వైపు మా ఇళ్లల్లో అంతే. అల్లుడి ఎదుట అత్తగారు కుర్చీలో కూర్చోదు. ఆయనా అంతే, నేను గదిలోకి వస్తే చటుక్కున లేచి నిలబడతారు.

మూడు గంటల ప్రయాణం. దారిలో ఆయన "హీటర్ ఎక్కువైందా అండి" అన్నారు. నేను "లేదు బాబూ" అన్నాను. ఎక్కువే అయింది. చెమటలు పట్టాయి.

మడుగు దగ్గర దిగేసరికి నాలుగున్నర. చంద్రుడు లేడు. చీర కుచ్చిళ్లు కుక్కుకుని నడుము దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగాను. ఆయన ప్లాస్టిక్ బాతుల్ని నీళ్లలో వదిలి వచ్చారు. వాటిని చూసి అసలు బాతులు దిగుతాయట. తుంగపొదలో దాక్కున్నాం. కూర్చోవడానికి ఐసుపెట్టె ఒక్కటే ఉంది.

"కూర్చోండి అత్తయ్యగారూ."

"అయ్యో, మీరు కూర్చోండి బాబూ."

పది నిమిషాలు ఇద్దరం బురదలోనే నిలబడ్డాం. చివరికి చెరో కొసన కూర్చున్నాం, ఆయన మొహం అటు, నా మొహం ఇటు. మధ్యలో సునీత ఇచ్చిన చేగోడీల స్టీలు డబ్బా.

"చప్పుడైతే ఒక్క బాతు కూడా దిగదండి" అని గొంతు తగ్గించి చెప్పి, చేతిలో టార్చిలైటు ఆర్పేశారు.

చీకటి... కప్పలు అరుస్తున్నాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి.

అప్పుడు వినపడింది.

కటుక్...

చేగోడీ కొరికిన చప్పుడు. పాపం, ఆకలేసినట్టుంది అనుకున్నాను. తినే అల్లుణ్ణి వద్దనకూడదు కదా.

కటుక్... కరకర... కరకర...

దూరంగా నీళ్లలో ఉన్న అసలు బాతులు టపటపా లేచిపోయాయి. ఇదేం మనిషమ్మా, ఈ పూట బాతు దొరక్కపోతే తుపాకీ పోతుందే, ఇప్పుడా తినడం... అని నాలో నేను తిట్టుకున్నాను. పైకి ఎలా అంటాను? ఆయన చిన్నగా దగ్గారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

ఆగలేదు. ఆత్రం లేదు ఆ తినడంలో. ఒక్కొక్కటే. కొరకడం... ఒక పక్క పళ్లతో నమలడం... ఆగడం... మళ్లీ కొరకడం. పళ్లు కొన్ని ఊడిపోయిన ముసలివాళ్లు తింటారే, అలా.

అరగంట సాగింది.

తూర్పున బూడిదరంగు వెలుతురు వచ్చింది. ఇక ఉండబట్టలేక మెల్లగా తల తిప్పాను. సరిగ్గా అప్పుడే ఆయనా తిప్పారు.

ఆయన రెండు చేతులూ తుపాకీ మీదే ఉన్నాయి. నోరు మూసి ఉంది. ఆయన కళ్లు నా నోటి మీద ఉన్నాయి. నా నోరూ మూసే ఉంది.

కరకర... కరకర...

మా ఇద్దరి మధ్యనే.

ఇద్దరం కదల్లేదు. నమలడం ఆగింది. తర్వాత... గుటక. స్పష్టంగా... గొంతు దిగిన చప్పుడు. అంతే. మళ్లీ ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడు వచ్చాయి బాతులు. ఏడు. మా నెత్తి మీదుగా, కర్ర విసిరినా తగిలేంత కిందుగా. ప్రసాద్‌గారు తుపాకీ ఎత్తలేదు. తూటాలు తీసి జేబులో వేసుకున్నారు.

ఇంటికి సగం దారి వచ్చాక అన్నారు. "అత్తయ్యగారూ... మీరు తింటున్నారనుకున్నానండి. ఆపమని చెప్పలేక దగ్గాను."

"నేను మీరనుకున్నాను బాబూ."



ఇంటికొచ్చాక సునీత డబ్బా మూత తిప్పింది. "ఒక్కటీ తినలేదేంటమ్మా? పైన నేను పెట్టిన పేపర్ ఫోల్డ్ కూడా విప్పలేదు. బాతులేవి మరి?"

"రాలేదు" అన్నారు ఆయన.

"ఒక్కటీ రాలేదే" అన్నాను నేను. అల్లుడి కోసం నేనాడిన మొదటి అబద్ధం అదే. ఆ బుధవారమే ఆయన తుపాకీ అమ్మేశారు.

ఆ నమిలింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నీటి ఎలుక అంటారు కొందరు, ఎలుక గుటక వేస్తుందా? ఒకటి మాత్రం జరిగింది, మేమిద్దరం ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. సునీత పనికి వెళ్లాక వంటింటి గడప దగ్గర నిలబడి అడుగుతారు. "మీకు ఎటువైపు వినపడిందండి?"

"మధ్యలో బాబూ."

"నాకూ అంతేనండి."

మధ్యలో ఒక డబ్బా పట్టేంత చోటే ఉంది.